నల్లద్దాల వైద్యం

నవ్వనని మాటిస్తే చెబుతాను. నా స్నేహితుడు లక్ష్ముడు కొత్త లారీ కొన్నాడు. సాలూరులో కొత్త లారీ అంటే పూజ ఒక వంతు, మేకపోతు కూర మూడు వంతులు. వారం నుంచీ నా కలల్లో కూడా ఆ కూరే ఉడుకుతోంది.

సరిగ్గా పూజ రోజు పొద్దున్నే మా మూడేళ్ళ వెంకీ ఎర్రటి కళ్ళతో లేచాడు. మా ఆవిడ అనూరాధ రోజూ మా ఊరి నుంచి సాలూరుకే ఉద్యోగానికి వెళ్తుంది. బస్సుకి పరిగెడుతూ ఆర్డరు వేసింది.

"కళ్ళకలక అది, బావా. పిల్లోడ్ని బేబీ సెంటరుకి పంపీకు, అందరికీ అంటుకుంటాది. ఈయేళ నువ్వు ఇంటికాడే ఉండు."

"మరి లారీ పూజ?"

"లారీకి కలక రాలేదు కదా. నువ్వెళ్ళకపోయినా అది నడుస్తాది."

కలక చూపుకే అంటుకుంటుందని మా ఇంట్లో తాతల నాటి నమ్మకం. చూపుని ఆపితే జబ్బూ ఆగాలి కదా. అంచేత చిన్న నల్లద్దాలు కొని, వాడి ముక్కు మీద పెట్టి, బేబీ సెంటరులో దింపాను. పిల్లలందరి ఆరోగ్యం కాపాడానన్న తృప్తితో సాలూరు బస్సెక్కాను.

బస్సు కదలకముందే సెంటరు నడిపే పద్మకుమారి టీచరు ఫోను చేసింది. బేగి రమ్మంది.

వెళ్ళేసరికి అద్దాలు మావాడి ముఖాన లేవు. పిల్లలంతా వంతులేసుకుని పెట్టుకుంటూ హీరోల్లా తిరుగుతున్నారు.

"కలక సూపుకి అంటుకోదండీ. సేతులకీ, తువ్వాళ్ళకీ, ఇదిగో, ఇలాటి అద్దాలకీ అంటుకుంటాది" అంది టీచరు. "పిల్లల సేతులూ మొకాలూ నేను కడుగుతాను. బొమ్మలన్నీ మీరు తోమండి."

"నాకు సాలూర్లో పనున్నాదండీ."

"అయితే అనూరాధకి ఫోన్ సేస్తాను."

నేను ప్యాంటు పైకి మడిచాను.

ఏనుగులు, కార్లు, తోక తెగిన కోతి, అన్నీ సబ్బుతో తోమాను. నురగ కళ్ళల్లో పడింది. నలుపుకుని నలుపుకుని మావాడికంటే ఎర్రగా చేసుకున్నాను.

సాయంత్రం అనూరాధ పెద్ద క్యారేజీతో వచ్చింది. నేను రాలేదని లక్ష్ముడు కూర కట్టి పంపాడట. మూత తీయకముందే నా నోరూరింది.

"కళ్ళేటి అలాగున్నాయి, బావా?"

సబ్బు అంటే కథంతా బయటపడుతుంది. "పిల్లోడి కలక అంటుకున్నట్టున్నాది" అన్నాను.

"అయ్యో పాపం. అయితే మాంసం ముట్టకూడదు. పత్యం ఉండాల."

నా కంచంలో చారు పోసి, తను కూర వడ్డించుకుంది. మూలుగ ఎముక పీలుస్తుంటే చూడలేకపోయాను. పరువుకన్నా కూరే ముఖ్యమనిపించింది.

"ఒసే, ఇది కలక కాదే. సబ్బు నురగ. సెంటర్లో బొమ్మలు తోమినాను."

"తెలుసు. టీచరు మజ్జానమే ఫోన్ సేసీసింది" అంటూ ఆఖరి ముక్క తన కంచంలో వేసుకుంది. "సబ్బు నురగకీ అదే పత్యం, బావా. ఇంకాస్త సారు పొయ్యనా?"