కంప్యూటరు మొహం ఖరీదు

పొద్దున బస్సుకు ఆళ్లగడ్డ పోయి, మధ్యాహ్నం అన్నానికి నంద్యాల ఇంట్లో ఉండాలన్నది రంగనాథం ఆలోచన. ఎనభై ఎనిమిదో సంవత్సరం మాట ఇది. పెళ్లిపత్రికలు ఇంట్లోనే తయారు చేద్దామని అతను కంప్యూటరు కొన్నాడు. దాన్ని టీవీకి తగిలిస్తే తెలుగు అక్షరాలు నానిన అటుకుల్లా ఒకదానికొకటి అంటుకుపోయాయి. వెంట్రుకంత గీతనూ విడిగా చూపించే మానిటరు కావాలన్నారు. దాని ధర కంప్యూటరు ధరను మించింది. స్కూటరు పోయింది, భార్య కమలవల్లి గాజులూ పోయాయి.

"మనిషి కన్నా మొహం ఖరీదని యాడా వినలేదు. అది పగిలిందంటే మీరు ఆడ్నే ఉండిపోండి," అని చెప్పి మరీ పంపింది ఆమె.

మద్రాసు లారీ ఆ మానిటరును ఆళ్లగడ్డలో తెలిసిన శిల్పి శాంతయ్య కొట్టంలో దించిపోయింది. అట్టపెట్టె చినిగిందని శాంతయ్య, విగ్రహాలకు చేసినట్టే, దానికీ గడ్డి చుట్టి గోనె కట్టి పెట్టాడు. రంగనాథం వచ్చేసరికి చెక్కుడు పనిలో ఉండి, తలెత్తకుండా ఉలితోనే మూలకు చూపించాడు. మూట ఎత్తితే రంగనాథం నడుము పట్టేసింది. ధరకు తగ్గ బరువే ఉందని సంతోషపడ్డాడు పాపం.

బస్సులో కండక్టరు ఖాజా పీర్ అదేందని అడిగాడు. ధర బయటపడితే దొంగల కన్ను పడుతుందని రంగనాథం "సామి" అనేశాడు. విగ్రహాలు చెక్కే ఆళ్లగడ్డలో ఎక్కిన గడ్డిమూట ఇంకేమవుతుంది? సామికి లగేజీ టికెట్టు ఏందప్పా అని ఖాజా పీర్ ముందు సీటు ఖాళీ చేయించాడు. ఆడవాళ్లు వచ్చి గోనెకు పసుపు పూసిపోయారు.

పక్క సీట్లో అహోబిలం శ్రీరంగమ్మ కూర్చుంది. గుడి పనుల్లో తల నెరిసిన మనిషి. నీళ్లలో పెట్టారా నాయనా అని అడిగింది. రంగనాథం లేదన్నాడు. ఆమె గుండెమీద చెయ్యి వేసుకుంది. కొత్త విగ్రహాన్ని ముందు నీళ్లలో ఉంచాలి, ఆ తర్వాతే గుడి. అది చేయకుండా ఊళ్లోకి తెస్తే ఊరికే చేటని బస్సంతా ఒక్కమాట మీదికి వచ్చింది.

నంద్యాల బస్టాండులో నలుగురు మూటనెత్తి నీళ్లతొట్టి దగ్గరికి నడిచారు. రంగనాథం అడ్డం పడి, అది సామి కాదు, కంప్యూటరుకు పెట్టే గాజుపెట్టె అన్నాడు. ధర కూడా చెప్పాడు. అదే చెడగొట్టింది.

"గాజుపెట్టెకు అన్ని దుడ్లు ఎవరిస్తారప్పా?" అన్నాడు ఖాజా పీర్. "అబద్ధం చెప్పినా అతికేట్టు చెప్పల్ల."

మూట మునిగింది. రంగనాథం తొట్టి పక్కనే కూలబడ్డాడు. కమలవల్లి బోసిచేతులు కళ్లముందు కదిలాయి. తాడు సడలింది, గడ్డి పైకి తేలింది, దాని వెనకే నల్లరాతి తోక ఒకటి కనిపించింది. ఆంజనేయుడు! రంగనాథం అందరికన్నా ముందు సాష్టాంగపడ్డాడు. ఏ దేవుడికీ అంత మనసారా మొక్కి ఎరగడు.

ఇంతలో వెనక బస్సులోంచి శాంతయ్య చేతుల్లో మూటతో దిగాడు.

"నువ్వు పోయినాక ఈ మూట ఎత్తితే తేలిగ్గా ఉండాదప్పా," అన్నాడు. "రాత్రికి రాత్రి ఆంజనేయుడు ఇంతగా చిక్కిపోడు గదా అని పరిగెత్తుకొచ్చినా."

సాయంత్రం ఇంట్లో అక్షరాలు ఒక్కొక్కటీ విడివిడిగా, ముత్యాల్లా వెలిగాయి. కమలవల్లి చాలాసేపు చూసి, అన్నం వడ్డిస్తానని లేచింది.

దేవుడు ఊరికే వచ్చాడు కానీ, గాజుపెట్టెకు మాత్రం వెనక బస్సు కండక్టరు లగేజీ టికెట్టు కొట్టాడు.