కుడిచేతి హాజరు

సోమవారం ఉదయం ఏడుంబావుకు అణు విద్యుత్ కేంద్రం రెండో గేటు దగ్గర కొత్తగా పెట్టిన యంత్రం గున్నమ్మ కుడిచేతిని లోపలికి రానిచ్చి, మిగతా గున్నమ్మను బయట ఆపేసింది. రక్తం రాలేదు, నొప్పి పుట్టలేదు. అద్దం పలక మీద అరచెయ్యి ఆనించగానే పచ్చదీపం వెలిగింది. ఇనుప కమ్మీలు జానెడు తిరిగి ఆగిపోయాయి. మణికట్టు దాకా ఉన్న చెయ్యి ఆ సందులోంచి అవతలికి దిగి, గోడకున్న గూళ్లలోంచి ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే తన డోసు బ్యాడ్జి తీసుకుని, వేళ్ల మీద నడుచుకుంటూ లాండ్రీ షెడ్డు వైపు వెళ్లిపోయింది. చెయ్యి అడ్డు లేకపోవడంతో ఆమె మట్టిగాజులు నాలుగూ జారి సిమెంటు నేల మీద పడి పగిలాయి.

"పెంకులు ఏరుకుని పక్కకి జరగమ్మా, ఎనకాల జనం ఉన్నారు" అన్నాడు గేటు కాపలా మనిషి. ఆయన పుస్తకంలో లోపలికి వెళ్లినవారి సంఖ్య అప్పటికే ఒకటి పెరిగింది.

గున్నమ్మ తన మణికట్టును చూసుకుంది. సబ్బుతో కడిగినట్టు నున్నగా ఉంది.

వెనక నిలబడ్డ పైడమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. గున్నమ్మదీ ఆమెదీ ఒకే కాలనీ, ఒకే షెడ్డు. "ఓలమ్మో! ఏటే గున్నా, నీ సెయ్యేదే?"

"డ్యూటీకి ఎల్పోనాది" అంది గున్నమ్మ.

ప్రవేశ విభాగం అధికారి చక్రధర్ గారు మర్యాదస్తుడు. గున్నమ్మను కుర్చీలో కూర్చోబెట్టి కంప్యూటర్ తెర తనవైపు కాకుండా ఆమె వైపు తిప్పారు. తెర మీద ఒక అరచేతి బొమ్మ ఉంది. జీడిపిక్కలు కొట్టిన రోజుల్లో నూనె తగిలి ఆ చేతి గీతలన్నీ చెరిగిపోయినా, చర్మం కింది నరాల అల్లిక స్పష్టంగా ఉంది. ముఖం ఉండాల్సిన చోట ఖాళీ. కళ్లు ఉండాల్సిన చోట ఖాళీ. ఎత్తు, బరువు, పుట్టుమచ్చలు, అన్నీ ఖాళీ.

"పాత గేటు మనిషిని చూసి వదిలేసేది. కొత్తది అలా కాదు. ఎవరు నమోదయ్యారో వాళ్లనే రానిస్తుంది. మా రికార్డుల్లో మీ కుడిచెయ్యి మాత్రమే ఉద్యోగి" అన్నారాయన. "ఎవరమ్మా మిమ్మల్ని నమోదు చేసింది?"

గున్నమ్మ తలొంచుకుంది. నమోదు చేసింది ఆమె పెద్ద బావగారు, అంటే భర్త కొర్లయ్యకు అన్న, ధనరాజు. ఇంటర్ చదివినందుకు కేంద్రంవారు అతని చేతికి నమోదు యంత్రమిచ్చి కాలనీలో ఇల్లిల్లూ తిప్పారు. వాళ్ల పేటలో తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడదు. అతను గుమ్మంలో ఉంటే ఆమె తలుపు వెనక ఉంటుంది. అతను ఏదైనా చెప్పాలంటే ఆమెకు కాకుండా గోడకు చెబుతాడు. నమోదు చేసిన రోజూ అంతే జరిగింది. ధనరాజు అరుగు మీద కూర్చుని, సముద్రం ఉండే వైపు చూస్తూ, యంత్రాన్ని గుమ్మంలోకి చాపాడు. గున్నమ్మ తలుపు చాటు నుంచి కుడిచెయ్యి చాపింది. ముఖం గడి దగ్గర ధనరాజు కాసేపు ఆగి, దగ్గి, 'తర్వాత' అని నొక్కాడు. ఆ తర్వాత అనేది ఇప్పటికీ రాలేదు.

"ఓ కాయితం రాసిస్తే మిగతా నన్ను కూడా ఎక్కించుకుంతారా బాబూ?" అని అడిగింది గున్నమ్మ.

"తప్పకుండా. ఉద్యోగి వేలిముద్ర వేసి దరఖాస్తు పెట్టుకోవాలి."

"యేస్తాను, ఇలగియ్యండి."

"మీరు కాదమ్మా. ఉద్యోగి."

ఉద్యోగి లాండ్రీ షెడ్డులో ఉంది. సాయంత్రం ఐదున్నరకు బయటికొస్తుంది. కార్యాలయం ఐదింటికే మూసేస్తారు.

సాయంత్రం చెయ్యి వచ్చింది. గున్నమ్మ గేటు బయట నేల మీద కూర్చుని మణికట్టు చాపితే తనంతట తానే అతుక్కుంది. పని బాగా చేసినట్టుంది, వేళ్ల కొసలు నీళ్లకు ముడతలు పడి ఉన్నాయి. లాండ్రీలో దాని పని చేతొడుగులది. లోపలి మనుషులు విడిచిన రబ్బరు చేతొడుగుల్ని తిరగేసి, ఒక్కొక్క వేలూ తడిమి, చిల్లులున్నవి వేరు చెయ్యాలి. ఆ పనికి నిజానికి చెయ్యి చాలు. ఇన్నాళ్లూ మిగతా గున్నమ్మ వెంట వెళ్లింది, అంతే.

ఇంటికెళ్లి కూతురు చిట్టికి అన్నం పెట్టింది. చిట్టికి పద్నాలుగు నెలలు. చారన్నం మెత్తగా పిసికి చిన్న ముద్ద చేసి పెదవుల దగ్గర ఒక్క క్షణం ఆపి పెడితేనే తింటుంది. ఆ ఆపడం గున్నమ్మకే తెలుసు. అందుకని చెయ్యి రోజూ పొద్దున వెళ్లినా, సాయంత్రం వస్తే చాలనుకుంది గున్నమ్మ. భర్త ఎక్కడో దూరాన వేరావల్ రేవు బోట్ల మీద చేపలవేటకు పోయి ఉన్నాడు, ఫోన్లో చెబితే నమ్మడు. రోజంతా ఆమె గేటు బయట వేపచెట్టు కింద కూర్చునేది. దారినపోయేవాళ్లు ఎవరి కోసమని అడిగితే, "నా సెయ్యి కోసం" అనేది.

పన్నెండో రోజున మోతాదు విభాగం వాళ్లు ఆమె చేతి లెక్కలు చూశారు. ఎవరి ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో రాసే విభాగం అది. నిబంధనల ప్రకారం మనిషి మొత్తానికి ఏడాదికి ఇంత అని ఒక హద్దు ఉంది. చేతులకు వేరే హద్దు ఉంది, అది చాలా రెట్లు పెద్దది. చెయ్యి ఒక్కటే లోపలికొస్తే మనిషి హద్దు దాన్ని అంటుకోదు. ఒక మనిషి వారంలో బయటికి రావలసిన గదిలో ఒక చెయ్యి నెలల తరబడి ఉండొచ్చు. ఇందులో ఎవరికీ హాని లేదు, ఎందుకంటే లోపల ఎవరూ ఉండరు. చక్రధర్ గారు గున్నమ్మను పిలిచి అభినందించారు.

"మీవల్ల ఒక మంచి పద్ధతి తెలిసిందమ్మా."

"మిగతా నన్ను ఎక్కించే సంగతి ఏటైనాది బాబూ?"

"మిమ్మల్ని ఎక్కిస్తే చెయ్యి హద్దు తగ్గిపోతుంది. అది ఉద్యోగికి నష్టం."

మర్నాడు నోటీసు బోర్డు మీద ఉత్తర్వు అంటించారు. కాంట్రాక్టు పనివారందరి నమోదునూ సవరించి చేతులకు పరిమితం చేస్తున్నారు. ఇంటికో ఉద్యోగం అన్న పాత హామీ యథాతథంగా ఉంటుంది. ఆ హామీ మీదే పేటవాళ్లు కేంద్రం కోసం సముద్రపు ఒడ్డునున్న ఇళ్లు ఖాళీ చేసి కాలనీకి వచ్చారు. హామీలో ఉద్యోగం అని ఉంది గానీ మనిషి అని లేదని కింద వివరణ ఇచ్చారు.

పైడమ్మ మొదట ఎగిరిపడింది. "ఉప్పుసేపకి తల కోసీసినట్టు కోసీడానికి మేమేటి సేపలమేటి?" అంది. వారం తిరిగేసరికి ఆమె కూడా వేపచెట్టు కింద గున్నమ్మ పక్కన కూర్చుంది. "నాది ఎడం సెయ్యి తీసుకోండ్రా అన్నానే, ఇనలేదు" అని చెప్పి, ఎడమచేత్తో తమలపాకు మడుచుకోవడం రాక విసుక్కుంది. నెలాఖరుకు ఆ చెట్టు నీడ చాలలేదు. కేంద్రంవారు దయతో రేకుల పందిరి వేయించి, 'మిగతావారు వేచియుండు స్థలం' అని బోర్డు పెట్టారు.

ఆ తర్వాత చేతుల్ని రేడియేషన్ ఎక్కువుండే లోపలి హాలుకు మార్చారు. అక్కడికి వెళ్లినవాటిని రోజూ బయటికి పంపాలంటే రోజూ కడిగి పరీక్షించాలి. అందుకని చేతులకు లోపలే వసతి కల్పించారు. ఆ సాయంత్రం ఐదున్నరకు గేటు తెరుచుకోలేదు.

గున్నమ్మ ఇంటికొచ్చింది. చిట్టి నోరు తెరుచుకుని కూర్చుంది. గున్నమ్మ ఎడమచెయ్యి కంచంలో పెట్టబోతే అత్త నూకమ్మ కసిరింది.

"ఎడం సేత్తో పిల్లకి బువ్వెడతావేటే? సిగ్గునేదా?"

"మరేటి సేమంతావత్తా?"

"నాను ఎడతాను."

అత్తకు పిసకడం వచ్చు గానీ ఆపడం రాదు. చిట్టి మూడు ముద్దలు ఉమ్మేసి, తల్లి మణికట్టు కొస పట్టుకుని వెతికింది. అక్కడ ఏమీ లేదని నిశ్చయించుకున్నాక ఏడ్చింది. పిల్ల చిక్కిపోయింది. గున్నమ్మ రోజూ పందిరి కింద కూర్చుని ఒక్కటే అడిగేది, ఎప్పుడిస్తారని. హద్దు నిండగానే ఇచ్చేస్తామని చక్రధర్ గారు రోజూ మర్యాదగా చెప్పేవారు.

ఐదో నెలలో హద్దు నిండింది. చేతిని దళసరి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి మూసి, చీటీ కట్టి ఇచ్చారు. గున్నమ్మ సంచిని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని బస్సెక్కింది. వెంట వచ్చిన పైడమ్మ చీటీ చదివిపెట్టమని బస్సులో ఒకాయనకిచ్చింది. ఆయన చదివాడు. 'ఉద్యోగి పదవీ విరమణ చేసినది. యజమాని అతికించుకొనవచ్చును. నోటి వద్దకు తేరాదు. ఆహారమును, పిల్లలను తాకరాదు. ఇతర విషయములలో సాధారణ చెయ్యిగా భావించవలెను.'

పక్క సీటులో కూర్చున్న ఆమె పిల్లాణ్ణి ఒళ్లోంచి తీసి అవతలి వైపు కూర్చోబెట్టుకుంది.

గున్నమ్మ చెయ్యి అతికించుకోలేదు. సంచిని దూలానికి వేలాడదీసింది. పగలంతా అది సంచిలో మెల్లగా కదులుతూ ఉండేది. లేని చేతొడుగుల్ని తిరగేస్తూ, లేని వేళ్లు ఒక్కొక్కటీ తడుముతూ ఉండేది. చిట్టి కిందనుంచి చూసి నవ్వి, దాని కోసం రెండు చేతులూ చాపేది.

మూడో రోజు మధ్యాహ్నం గున్నమ్మ కంచంలో ఎడమచెయ్యి పెట్టింది. అత్త చూసింది. నోరు తెరిచి, దూలం వైపు ఒకసారి చూసి, గోడ వైపు తిరిగి కూర్చుంది. ముద్ద వంకరగా వచ్చింది. గున్నమ్మ దాన్ని పెదవుల దగ్గర ఒక్క క్షణం ఆపింది. చిట్టి తింది.

రెండో ముద్ద కలుపుతుండగా అరుగు మీద చెప్పుల చప్పుడైంది. ధనరాజు. గున్నమ్మ అలవాటుగా తలుపు చాటుకు పోయింది.

"అమ్మా" అన్నాడతను గోడతో. "గున్నమ్మకి సెప్పు. ఈ ఇంటి ఉద్యోగం కాళీ అయిపోనాది. రేపటినోగా ఇంకో సెయ్యి ఎక్కించకపోతే ఇల్లు జాబితాలోంచి తీసెత్తారట. కాలనీ ఇల్లు కూడా దాంతోపాటే. తమ్ముడు వొచ్చేదాకా ఆగమన్నాను, ఇనలేదు." చంకలోని నమోదు యంత్రాన్ని తీసి గుమ్మంలో పెట్టాడు. "ఎడందైనా పరవానేదన్నారు."

అప్పుడు గున్నమ్మ పెళ్లయిన ఆరేళ్లలో ఎన్నడూ చెయ్యని పని చేసింది. తలుపు చాటు నుంచి బయటికొచ్చి, తల మీది కొంగు తీసేసి, బావగారి ఎదుట నిలబడింది.

"బావా, నన్ను సూడు. నా మొకం సూడు. ఈపాలి నన్ను మొత్తం ఎక్కించు. నానే ఎల్తాను."

నూకమ్మ చెవులు మూసుకుంది. ధనరాజు తలెత్తాడు. తమ్ముడి భార్య ముఖం అతను చూడటం అదే మొదటిసారి. కళ్లు, ముక్కు, గడ్డం మీద పుట్టుమచ్చ, అన్నీ ఉన్నాయి. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. యంత్రం తెరిచి ఆమెకే చూపించాడు.

"మొకానికి గడి తీసేసినారమ్మా. ఇప్పుడు సెయ్యికే ఉంది."

గున్నమ్మ తెరను పరీక్షగా చూసింది. నిజమే. పాత ఖాళీలు కూడా ఇప్పుడు లేవు.

ఆమె ఎడమచెయ్యి చాపింది. యంత్రం కీచుమని ఎర్రదీపం వెలిగించింది.

"మెతుకులున్నాయమ్మా, పట్టదు" అన్నాడు ధనరాజు. "కడుక్కురా."

గున్నమ్మ లోపలికెళ్లింది. చిట్టి ఇంకా నోరు తెరుచుకునే ఉంది. గున్నమ్మ కంచంలో మిగిలిన అన్నాన్ని ముద్దలు చేసి ఒక్కొక్కటే ఆపి ఆపి మొత్తం పెట్టింది. ధనరాజు తొందరపెట్టలేదు. తర్వాత ఆమె తొట్టి దగ్గరికి వెళ్లి వేళ్ల సందులు కూడా వదలకుండా చెయ్యి శుభ్రంగా కడుక్కుంది.