పదిహేడో నంబరు ప్రణాళిక

జూలై మొదటి సోమవారం నుంచి కొత్తదొడ్డి ప్రాథమిక పాఠశాలలో బెంచీల మీద పిల్లలకు బదులు వాళ్ల పాఠ్య ప్రణాళికలు కూర్చుంటున్నాయి. పిల్లలు వరండాలో ఉంటున్నారు. ఊళ్లో ఎవరూ దీనికి పెద్దగా ఆశ్చర్యపోలేదు. చోటు చాలనప్పుడు ఎవరో ఒకరు సర్దుకోవాలి, పిల్లలకైతే అది అలవాటే.

పైనుంచి వచ్చిన ఉత్తర్వు మంచిదే. పిల్లలందరూ ఒకలా ఉండరు కనుక అందరికీ ఒకే పాఠం చెప్పరాదని, ఒక్కొక్కరి సామర్థ్యాన్ని బట్టి ఒక్కొక్కరికి విడిగా ప్రణాళిక రాయాలని, అవి తరగతి గదిలో ఎప్పుడూ కనబడుతూ ఉండాలని అందులో ఉంది. ఐదు తరగతులకూ కలిపి ఉన్న ఒకే ఒక్క టీచరు వసుంధర అది చదివి సంతోషించింది కూడా. పన్నెండేళ్లుగా ఆమె చేస్తున్నది అదే. అక్షరాలు రానివాళ్లను చింతగింజలతో ఒక మూల కూర్చోబెట్టి, చదవగలిగినవాళ్లకు కథల పుస్తకం ఇచ్చి, మధ్యలో ఉన్నవాళ్ల దగ్గర తాను చతికిలబడేది. కాకపోతే ఇదంతా కాగితం మీద లేదు. కాగితం మీద లేనిది పన్నెండేళ్లు జరిగినా జరిగినట్టు కాదు.

ముప్పై ఒక్క మందికి ముప్పై ఒక్క ప్రణాళికలు, ఒక్కోటి నలభై పేజీలు. రాసి, కుట్టి, మొదటి పేజీలో ఫొటో అంటించేసరికి మూడు వారాలు పట్టింది. బడిలో బీరువా లేదు, నేల మీద పెడితే చెదలు. అందుకని బెంచీల మీద పెట్టింది. ఆ సోమవారం ఉదయం, ముఖాలు చూసి హాజరు వేసుకునే ఫోను ఎత్తి పట్టుకుంటే అది పిల్లలకంటే ముందు ఫొటోల్లోని ముఖాలను గుర్తుపట్టింది. ఆ ముఖాలు కదలవు, ముక్కు తుడుచుకోవు. ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ హాజరు. తర్వాత పిల్లలను చూపిస్తే, వీరి హాజరు ఇప్పటికే నమోదైంది అని వచ్చింది.

మధ్యాహ్నం వంట చేసే బాలమణి గుడ్ల గిన్నెతో గుమ్మంలో ఆగిపోయింది.

"గుడ్లు ఎవరికి పెట్టాలె మేడం?"

"హాజరు ఎవరికి పడిందో వాళ్లకే."

"పోరగాండ్లు సూస్తున్నరు."

ప్రణాళికల ముందు గుడ్లు పెట్టి, ఫొటో తీసి, ఆ తర్వాత పిల్లలకు పంచారు. అది నిబంధనలకు విరుద్ధం. వసుంధర తెలిసి చేసిన మొదటి తప్పు అదే.

ప్రణాళిక అన్నాక ప్రగతి చూపించాలి. ప్రతి శనివారం ఒక్కోదానిలో ఒక్కో పేజీ నింపి పంపాలి, పోయిన వారంకంటే ఈ వారం మెరుగ్గా ఉండాలి. ముప్పై ఒక్క పేజీలు నింపడానికి సోమవారం నుంచే కూర్చోవాల్సి వచ్చేది. పదిహేడో నంబరు ఆగస్టులో పదాలు చదివింది. అక్టోబరుకు ఒత్తులు నేర్చుకుంది. దసరా సెలవుల్లో కూడా దానికి ప్రగతి ఆగలేదు.

పదిహేడో నంబరు పిల్ల పేరు మల్లీశ్వరి. ఐదో తరగతి, ఈ బడిలో ఆఖరి ఏడాది. ఎంత పెద్ద లెక్కయినా నోటితోనే కట్టేది కానీ ఒత్తు కనబడితే చాలు, గొంతు ఆగిపోయేది. ఏప్రిల్‌లోగా ఒత్తులు రాకపోతే ఆరో తరగతిలో అరవై మంది మధ్య ఆ పిల్ల కోసం ఎవరూ ఆగరు. వసుంధరకు భయం పట్టుకుంది. భోజనం గంటలో వరండా నేల మీద సుద్దతో రాసి పది నిమిషాలు చదివించేది. నవంబరులో ఒకరోజు మల్లీశ్వరి ఆగకుండా "పుట్ట" అని చదివింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అంతలో ఫోను మోగింది, పద్నాలుగు పేజీలు పంపాల్సి ఉందని. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

డిసెంబరులో మండల విద్యాధికారి వచ్చాడు. మామూలుగా ఆయన తన పర్యటన ప్రణాళికను పంపి ఊరుకుంటాడు. ఆ రోజు అది ఇంకో బడి తనిఖీలో ఉండి, తప్పక తానే రావలసి వచ్చింది. పదిహేడో నంబరును తిరగేసి, భేష్ అన్నాడు.

"సార్, ఆ పిల్లకు ఇంకా చదవడం రాదు," అంది వసుంధర. "ఈ మూడు నెలలు నన్ను రాయడం మానేయనివ్వండి. పిల్లలను లోపల కూర్చోబెట్టి చెప్పుకుంటా."

"ప్రణాళిక చదువుతోంది కదమ్మా?"

"అది చదువుతోంది సార్."

"మరి ఇప్పుడు చదవడం రాని పిల్లను లోపలికి తెస్తే ప్రగతి వెనక్కి పోతుంది. వెనక్కి పోవడానికి ఫారంలో గడి లేదు. నేనేం చెయ్యను చెప్పు?"

ఆయన నిజంగానే బాధపడ్డాడు. టీ కూడా తాగకుండా వెళ్లాడు.

ఏప్రిల్‌లో ప్రణాళికలు పరీక్ష రాశాయి. అన్నీ పాసయ్యాయి. టీసీ కోసం మల్లీశ్వరి తల్లి చెన్నమ్మ పని మానుకొని వచ్చింది. వసుంధర టీసీతో పాటు పదిహేడో నంబరును ఆమె చేతుల్లో పెట్టింది. హైస్కూలు వాళ్లు అడిగేది దాన్నే. చెన్నమ్మ పేజీలు తిప్పి చూసి మురిసిపోయింది.

"ఇది మంచిగ సదువుతదా మేడం?"

"కథలు కూడా చదువుతుంది."

"మరి మా పిల్ల?"

"రాదమ్మా. దగ్గరిదాకా వచ్చింది. నేను చెప్పలేకపోయాను," అంది వసుంధర. ఆమెకు ఏడుపొచ్చింది.

చెన్నమ్మ ప్రణాళికను జాగ్రత్తగా మూసింది. "పోనీలే మేడం. ఇంట్ల ఒకరన్న సదువుకుంటున్నరు. బడికి ఇది వోతది, పిల్ల నాతోని పత్తి చేనుకు వస్తది." ప్రణాళికకు ఎండ తగలకుండా కొంగు కప్పి చంకనెత్తుకుంది.

మల్లీశ్వరి తల్లి వెనకాలే రెండడుగులు వేసి, మళ్లీ వచ్చింది.

"టీచర్, అది ఇంటికాడ నాకు సదివి ఇనిపిస్తదా?"

"వినిపిస్తుంది," అంది వసుంధర. అబద్ధం చెప్పలేదు. ముప్పై ఎనిమిదో పేజీలో, ఇంటివద్ద కుటుంబ సభ్యులకు రోజుకొక కథ చదివి వినిపించును అని ఆమే రాసింది. మల్లీశ్వరి సరేనని తలూపి, తల్లిని అందుకోవడానికి పరుగెత్తింది.