సీలు తెగని పదకొండేళ్లు

మా విమాన మరమ్మతుల కంపెనీలో సరుకు తనిఖీ విభాగం పెట్టి పదకొండేళ్లు పూర్తయిన శుభ సందర్భంగా, ఇంతవరకూ ఒక్క విడిభాగాన్ని కూడా తిప్పి పంపలేదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. బయటి నుంచి వచ్చే ప్రతి బోల్టూ, ప్రతి గొట్టమూ మా బల్ల మీదికి వచ్చాకే విమానం దగ్గరకు వెళుతుంది.

మా పద్ధతి తెలియనివారి కోసం చెబుతున్నాను. సీలు తెగిన పెట్టెను స్వీకరించరాదని నిబంధన. పెట్టె తెరిస్తే సీలు తెగుతుంది. కనుక తెరవం. పెట్టె పొడవూ వెడల్పూ కొలుస్తాం, తూకం వేస్తాం, చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాం. గలగలమంటే సరుకు ఉన్నట్టు. ఆ తర్వాత వెంట వచ్చిన ధ్రువపత్రాన్ని భూతద్దం పెట్టి చదువుతాం. ఈ విషయంలో మేం చండశాసనులం. ఒకసారి తేదీ పక్కన సిరా మరక ఉందని ఒక కాగితాన్ని నాలుగు రోజులు ఆపేశాం. ఆ కాగితం తాలూకు గొట్టాన్ని మాత్రం మొదటి రోజే విమానానికి బిగించేశారు. పని ఆగకూడదు కదా.

సరుకు బాగాలేకపోతే కట్టడానికి ఎర్ర చీటీలున్నాయి. అవి మేనేజరుగారి బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఒకటి కావాలంటే, సరుకు పంపినవారి నుంచే ‘మేం పంపింది చెడ్డ సరుకు’ అని ధ్రువపత్రం తేవాలి. ఇన్నేళ్లలో ఎవరూ తేలేకపోయారు. దీన్నిబట్టి మాకు వచ్చే సరుకు నాణ్యత ఎలాంటిదో మీరే గ్రహించగలరు.

ఇలా సజావుగా సాగుతున్న విభాగంలోకి కిందటి నెల ఒక కొత్త ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. చదువుకున్న పిల్ల, పాపం. వచ్చిన మూడో రోజే, చక్రాన్ని పట్టి ఉంచే బోల్టుల పెట్టెను కత్తితో కోసి తెరిచింది. పన్నెండు బోల్టులకూ రంగు పూసి, తుడిచి, దీపం కింద పెట్టి చూసింది. పగులుంటే రంగు అందులో నిలిచిపోతుందట. మూడింటిలో నిలిచింది. నేనూ చూశాను. తలవెంట్రుకంత సన్నని గీతలు, చూడముచ్చటగా ఉన్నాయి.

ఆమె వాటిని పట్టుకుని మేనేజరుగారి గదిలోకి వెళ్లింది.

“సార్, మూడు బోల్టులకి పగుళ్లున్నాయి.”

“కాగితంలో ఉన్నాయా?”

“కాగితంలో లేవు సార్. బోల్టుల్లో ఉన్నాయి.”

“కాగితంలో లేనివి నీకెలా కనిపించాయమ్మా? కళ్లు ఎప్పుడైనా చూపించుకున్నావా?”

కంటి పరీక్షకు ఒక పూట సెలవు కూడా మంజూరు చేశారు. మా మేనేజరుగారిది వెన్నలాంటి మనసు. పెట్టెకు కొత్త సీలు వేయమని నాకు పురమాయించారు. వేశాను. ఆమె సెలవు తీసుకోలేదు సరికదా, వచ్చి ఆ పెట్టె మీద కూర్చుంది.

“నేను లేస్తే ఇవి చక్రానికెళ్తాయి. నేను లేవను,” అంది.

బయట ఒక చక్రం విప్పేసిన విమానం నిలబడి ఉంది. విమానాశ్రయం హాల్లో రెండువందల పదిమంది ప్రయాణికులు ఎదురుచూస్తున్నారు. వేరే బోల్టులు రావాలంటే ఐదు గంటలు పడుతుంది. మేనేజరుగారు ప్రజాస్వామ్యవాది కాబట్టి, ఆ మాటేదో ప్రయాణికులకే చెప్పుకోమన్నారు. ఆమె పెట్టెను చంకన పెట్టుకుని వెళ్లింది.

“ఒక్క ఐదు గంటలు ఆగండి. వీటితో దిగేటప్పుడు చక్రం ఊడిపోవచ్చు,” అని, నేను వేసిన సీలు మళ్లీ కోసి, ఒక్కొక్కరికీ బోల్టు చూపించింది.

ఒక పెద్దాయన దాన్ని కళ్లద్దాలు పెట్టుకోకుండానే అటూ ఇటూ తిప్పి, “నున్నగానే ఉందిగా,” అన్నారు. ఒకావిడ, “పోయిన నెల కూడా ఇలాగే ఏదో అన్నారు. ఏమైంది? ఏమీ కాలేదు,” అని గుర్తు చేసింది. ఇంకొకాయన ఈ ఐదు గంటలకూ భోజనం పెడతారా అని అడిగి, పెట్టరని తేలగానే వినతిపత్రం రాయడం మొదలుపెట్టాడు. ‘మా అమూల్యమైన సమయాన్ని వృథా చేస్తున్న ఉద్యోగినిపై చర్య తీసుకుని, ఉన్న బోల్టులతోనే విమానాన్ని బయల్దేరదీయవలసిందిగా ప్రార్థన.’ అందరూ సంతకాలు చేశారు. పసిపిల్లల చేత వేలిముద్రలు వేయించారు.

మేనేజరుగారు గద్గద స్వరంతో ప్రసంగించారు. “మిత్రులారా, ఇంతవరకూ మన సరుకును ఒక్క ఇన్‌స్పెక్టరే తనిఖీ చేసేవారు. నేడు రెండువందల పదిమంది చేశారు. భద్రతారంగంలో ఇది చారిత్రకమైన ముందడుగు.”

కాపలావాళ్లిద్దరు ఆమె చంకలోంచి పెట్టె లాక్కున్నారు. దానికి ఇంకో సీలు వేసి, వినతిపత్రాన్ని ధ్రువపత్రానికి జోడించి, సరుకు బాగుందని పచ్చముద్ర వేశాం. వేసింది నేనే. సిగ్గుగానే ఉంది, అయినా వేశాను. ఆమె నా మొహం వంక చూడలేదు. మర్నాటి నుంచి ఆమెకు ఉద్యోగం లేదు.

విమానం మాత్రం రోజుకు నాలుగుసార్లు తిరుగుతూనే ఉంది. మొన్న బుధవారం మీరు ఎక్కింది దాన్నే. పావుగంట ఆలస్యమైందని ఘాటుగా ఫిర్యాదు రాశారు. విచారించాం. ఎవరో మెకానిక్ చక్రం దగ్గర వంగి, ఏదో చూస్తూ ఉండిపోయాడట. అతన్ని కూడా తీసేశాం. ఇకపై మీకు ఎలాంటి అసౌకర్యమూ కలగదు.