నరసన్న గొంతుకి కుమారి చెవి

ఒడిశా గంజాంలో ఎండుచేపల వ్యాపారం చేసే నరసన్నకు ఈ లోకంలో గిట్టని మనిషి ఒక్కడే. వాడి మొహం కూడా నరసన్న చూడలేదు. వాడు పెళ్లాం కుమారి ఫోనులో ఉంటాడు. రోజూ సాయంత్రం నవల చదివి వినిపిస్తాడు.

కుమారి పుట్టిల్లు ఆంధ్రా వైపు ఇచ్ఛాపురం. చేపలు కోస్తున్నా, కూర తిప్పుతున్నా పక్కన ఆడియో పుస్తకం మోగుతూ ఉండాల్సిందే. వింటున్నప్పుడు గిన్నె పడినా తలెత్తదు, మొగుడు పిలిచినా తలెత్తదు. అక్కడే నరసన్నకు ఒళ్లు మండింది. పెళ్లయిన దగ్గర్నుంచి తన మాట ఒక్కటి చివరిదాకా విన్న పాపాన పోలేదు గానీ, ముక్కూమొహం తెలియని వాడికి మాత్రం గంటల తరబడి ఊఁ కొడుతుంది!

అందుకని పక్కనే పీట వేసుకుని విమర్శ మొదలెట్టాడు.

"ఇను, ఇను. కతలో మాధవి ఏడుస్తంది. ఈడు సూస్తే స్టేషన్లో బండి లేటని సెప్పినట్టు సెప్తన్నాడు."

"నన్ను ఇననీ మావా."

"ముసిలాడికీ అదే గొంతుక, పసిపిల్లకీ అదే గొంతుక. ఇంటిల్లిపాదికీ ఒకటే జలుబు సేసినట్టున్నాది."

"మావా!"

"అదిగో, మద్దిలో ఊపిరి తీసినాడు. ఇనిపించింది. భావం నేదు."

నరసన్న నోరు విప్పినప్పుడల్లా కుమారి కథను వెనక్కి జరుపుకుని మళ్లీ వినాలి. పాపం, నవల్లో మాధవి పుట్టింటి గుమ్మం దాటడానికే వారం పట్టింది.

చివరికి కుమారి కత్తిపీట పక్కకి తోసింది. "అంత సక్కగ సెప్పగలిగితే నువ్వే సదువు. ఆదివారానికి ఈ నవల పుస్తకం తెప్పిస్తాను, జమీందారు భాగం సదువుదువు. బాగా సదివినావంటే ఈ ఫోను ముట్టను, నీ మాటే ఇంటాను. నేదంటే నేను ఇంటున్నంతసేపు నువ్వు నోరు మెదపకూడదు. ఎప్పటికీ!"

"ఓస్, అంతేనా!" అనేశాడు నరసన్న. అన్నాక గుండె జారింది.

ఎందుకంటే ఆయన చదివింది ఒడియా బడిలో. తెలుగు నోటినిండా ఉంది గానీ అక్షరాలు మాత్రం రావు. ఇచ్ఛాపురంలో బస్సు బోర్డు కూడా పక్కవాణ్ణి అడిగి తెలుసుకుంటాడు. ఈ సంగతి పెళ్లినాటి నుంచి కుమారి దగ్గర దాచుకొస్తున్నాడు. తెలుగు కాగితం చేతికిస్తే కళ్లజోడు లేదంటాడు. కళ్లజోడు తెచ్చిస్తే అక్షరాలు మరీ చిన్నవంటాడు.

బుర్ర గోక్కుని ఉపాయం పన్నాడు. బరంపురం బస్సెక్కి, చెవుల్లో తీగలు పెట్టుకుని, తను తిట్టే ఆ గొంతునే తన ఫోనులో వింటూ ఆదివారం చదవాల్సిన భాగమంతా బట్టీ పట్టాడు. నిద్రలో కూడా అదే జపం. బడా బజార్‌లో షావుకారు ఎండు నెత్తళ్ల ధర అడిగితే, "నన్ను మరిచిపో మాధవీ!" అని జవాబిచ్చాడు. షావుకారు రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆదివారం వచ్చింది. కుమారి ఊరుకుందా? పక్కింటి జగ్గమ్మనీ, మరో ఇద్దరు ఆడవాళ్లనీ పిలిచింది. "అట్ట నలిగిపోద్దని కాగితం ఏసినాను మావా," అంటూ పుస్తకం చేతికిచ్చింది. నరసన్న కళ్లజోడు సర్దుకుని, పుస్తకం తెరిచి, గొంతు సవరించుకున్నాడు.

ఏమి చదివాడని! మాధవికి గొంతు వణికించాడు, జమీందారుకి ఉరిమాడు. జగ్గమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. అన్నిటికన్నా, కుమారి కోస్తున్న చేప వదిలేసి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తననే చూస్తోంది. నరసన్న ఛాతీ ఉప్పొంగింది. ఆ ఊపులో ఆగలేకపోయాడు.

"మాధవీ, నువ్వు లేక నేను బతకలేను... ఈ నవల పూర్తిగా వినాలంటే మా సభ్యులుగా చేరండి, మొదటి నెల ఉచితం... అని జమీందారు కుప్పకూలాడు."

జగ్గమ్మ కళ్లు తుడుచుకోవడం ఆపింది. "ఎక్కడ సేరాలి నరసన్నా?"

"అదీ కథలోదే పిన్నీ. జమీందారుకి మతి సెలించింది."

"మావా," అంది కుమారి మెల్లగా. "ఇందాకట్నించి పేజీ తిప్పవేటి?"

నరసన్న గబగబా నాలుగు పేజీలు తిప్పేశాడు.

"ఇప్పుడు నీ ముందర ఏటి బొమ్మ ఉన్నాది?"

నరసన్న మొదటిసారి పుస్తకంలోకి చూశాడు. జాడీ. పక్కన చేప ముక్కలు, ఎర్రటి కారం.

"నవల గూట్లోనే ఉన్నాది. నీకిచ్చింది ఊరగాయల పుస్తకం," అంది కుమారి. ఆడవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. జగ్గమ్మకు ఎక్కిళ్లు వచ్చి మంచినీళ్లు తాగించాల్సి వచ్చింది.

వాళ్లు వెళ్లాక నరసన్న తలొంచుకుని అడిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"పెళ్లిలోనే. మన పెళ్లికార్డు తలకిందులుగా పట్టుకుని సానా బాగుందన్నావు."

"మరి ఇన్నాళ్లూ అడగనేదేటే?"

"నువ్వే సెప్తావని సూసినాను."

నరసన్నకు సిగ్గేసింది. ఇన్నేళ్లూ కళ్లజోడు వెతికిపెట్టింది కూడా ఈవిడే.

ఆ సాయంత్రం పందెం ప్రకారం నోరు కుట్టుకుని రొయ్యలు ఒలిచాడు. ఫోనులో వాడు రెండుసార్లు ఊపిరి తీశాడు, ఒకసారి తుమ్మబోయి ఆపుకున్నాడు. నరసన్న పళ్లు కొరుక్కున్నాడు గానీ కిక్కురుమనలేదు.

భాగం అయిపోయింది. కుమారి ఫోను కట్టేసి, ఊరగాయల పుస్తకం తెచ్చి, బడి పిల్లాడికి చెప్పినట్టు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చెప్పింది. "ఇప్పుడు నువ్వు సదువు."

"చే... ప... ము... క్క... లు... ఉ... ప్పు..."

ఆ ఒక్క వాక్యానికి పొయ్యి మీద అన్నం ఉడికిపోయింది. కుమారి మాత్రం కదల్లేదు. ఫోనులో వాణ్ణి కూడా ఎన్నడూ అంత శ్రద్ధగా వినలేదు. చివరిదాకా విన్నది. నరసన్న ఆశగా ఆమె మొహంలోకి చూశాడు.

కుమారి నిట్టూర్చింది.

"మద్దిలో ఊపిరి తీసినావు మావా, ఇనిపించింది. సేపకీ అదే గొంతుక, ఉప్పుకీ అదే గొంతుక. భావం నేదు."

నరసన్న నోరు తెరిచాడు. పందెం గుర్తొచ్చి మూసేశాడు. కళ్లజోడు తుడుచుకుని, "చే..." అని మళ్లీ మొదట్నుంచి అందుకున్నాడు.