కోదండం గారి ఒక్క డోసు సిద్ధాంతం

దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల దుకాణం నడిపే కోదండం గారు వైద్యశాస్త్రానికి చేసిన సేవను లోకం ఇంకా గుర్తించలేదు. ఇందు అనే కూతురికి ఏడో నెలలోనే నొప్పులు మొదలై, ఎల్బీనగర్‌లో ఒక దవాఖానలో చేరడంతో ఆ సేవకు అవకాశం కలిగింది.

డాక్టరమ్మ ఫారం ఇచ్చి, “బిడ్డ ముందే పుట్టేటట్టున్నది. తల్లికి స్టెరాయిడ్ సూది ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులకు బలం, పుట్టినంక బిడ్డ బీపీ కూడ జర నిలబడ్తది. ఇయ్యాల ఒకటి, రేపు ఒకటి. జల్ది సంతకం పెట్టుండ్రి,” అన్నది. అల్లుడు నరేష్‌కుమార్ పెన్ను తీశాడు. కోదండం గారు ఆ పెన్ను తీసి తన జేబులో పెట్టుకున్నారు.

ఒక చీర అమ్మడానికి నలభై విప్పి చూపే మనిషి, ఒక్క డాక్టరు మాట మీద సంతకం పెడతారా? జిమ్ములో కండలు పెంచే మేనల్లుడు శ్రవణ్‌కుమార్‌కీ, గీజర్లు బాగుచేసే జగన్‌కీ, చంపాపేట్‌లో ప్లాట్లు చూపించే భిక్షపతికీ ఫోన్లు వెళ్లాయి. డాక్టర్లకు తప్ప అన్ని వర్గాలకూ ప్రాతినిధ్యం దక్కింది.

“మామా, జిమ్ముల గా స్టెరాయిడ్ కొట్టుకుంటె నా ముఖమే ఉబ్బింది. గా పసిగుడ్డెంత?” అని శ్రవణ్‌కుమార్ నిపుణుల నివేదిక సమర్పించాడు.

నాలుగు గంటల చర్చల అనంతరం సంతకమైంది, మొదటి డోసు పడింది. రెండో డోసుకు రెండు గంటల ముందే మనవడు పుట్టాడు. బరువు కిలోంబావు.

పుట్టి ఇరవై గంటలైనా పిల్లవాడు మూత్రం పోయలేదు. “బీపీ నిలబడి కిడ్నీలకు రక్తం మంచిగ పోతున్నదో లేదో, ఉచ్చ పోస్తెనే ఎరుకైతది,” అన్నది నర్సు సంధ్యారాణి. కోదండం గారికి మొదటిసారి ఎవరికీ ఫోన్ చేయబుద్ధి కాలేదు. చర్చల్లో పోయిన ఆ నాలుగు గంటలూ గుండె మీద కూర్చున్నాయి. అల్లుడు వచ్చి ఆయన జేబులోంచి తన పెన్ను తీసుకుని వెళ్లాడు. అదే ఎక్కువ నొప్పించింది.

ఇరవై మూడో గంటలో సంధ్యారాణి తలుపు తీసింది. “పోసిండు తాతా. నా చేతిమీదనే పోసిండు.”

కోదండం గారు గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకున్నారు. రెండు నిమిషాలు. మూడో నిమిషానికి కళ్లు ఆరాయి, నోరు తెరుచుకుంది.

“రెండు డోసులంటరు గని, మనోళ్ల రక్తానికి ఒక్కటే చాలు. నేను సోంచాయించి సంతకం పెట్టిన గాబట్టే పిలగాడు నిలబడ్డడు,” అని బెంచీలన్నింటికీ ప్రకటించారు.

“రెండోది గూడ పడుంటే మాకింత భయముండకపోతుండె,” అంటూ డాక్టరమ్మ తన గదిలోకి వెళ్లింది. పాపం, ఆమె గొంతు చిన్నది. పైగా చదువుకున్న గొంతు.

వనస్థలిపురం నుంచి వచ్చిన పట్టాభి గారు తన కూతురి స్టెరాయిడ్ ఫారం పట్టుకుని, అడిగేవాళ్లెవరూ లేని డాక్టరమ్మ గది దాటుకుంటూ వచ్చి కోదండం గారి పక్కన కూర్చున్నారు. “మీరు అనుభవం ఉన్నవారు కదండీ. సంతకం పెట్టమంటారా, ఆగమంటారా?”

ఆయన వెనుక ఇప్పటికే ముగ్గురు నిలబడ్డారు. నాలుగోవారు మీరే కదూ? కాస్త ముందుకు జరగండి, వెనుక ఇంకా జనం వస్తున్నారు.