హాలు నింపిన అల్లుడు

ఫోను పెట్టేసి కొత్త పెళ్ళాం గంతేసింది. ఆవిడతోపాటు చేతిలో గరిటె కూడా గంతేసి మొగుడి చొక్కా మీద వాలింది.

"ఏమండీ! మా బాబాయికి లైబ్రరీ హాలు ఇచ్చారు! ఆదివారం సాయంత్రం ఫిడేలు కచేరీ!"

చొక్కా పోయినా మొగుడికి ప్రాణం లేచొచ్చింది. పెళ్ళైన కొత్త. ఆవిడ నవ్వితే చాలు, కుళాయిలో నీళ్ళొచ్చినా పండగలా ఉండే రోజులు.

అంతలోనే ఆ నవ్వు వాడిపోయింది.

"కిందటిసారి ముగ్గురే వచ్చారండీ. అందులో ఒకడు హాలుకి తాళం వేసేవాడు. ఈసారీ కుర్చీలు ఖాళీగా ఉంటే ఇక ఫిడేలు ముట్టనన్నాడు బాబాయి."

"హాలు నింపే పూచీ నాది."

"మీదా! మీరు పిలిస్తే మన పెళ్ళిఫొటోలు చూడ్డానికే ఒక్కడూ రాలేదు!"

మర్నాడు మొగుడు తను పనిచేసే నీటిపన్ను ఆఫీసులో బల్ల బల్లకీ తిరిగాడు. హెడ్డు గుమాస్తాకి పంటినొప్పి. టైపిస్టుకి బట్టల ఉతుకు. క్యాషియరుకి సంగీతం పడదు. ఎవరు తుమ్మినా కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడని ఆయన్ని అందరూ కన్నీటి కుళాయి అంటారు.

ఆశ అడుగంటిపోయి మొగుడు నోరు జారాడు. "ఇదే ఆయన ఆఖరి కచేరీ సార్. డాక్టర్లు చేతులెత్తేశారు."

కుళాయి విప్పుకుంది.

సాయంత్రానికల్లా ఆఫీసంతా తడిసిపోయింది. ఫిడేలుకి ముందేదో వెనకేదో తెలియనివాళ్ళు కూడా "అంత గొప్ప కళాకారుణ్ణి మనం గుర్తించలేదే!" అని నిట్టూర్చారు.

ఆదివారం హాలు కిటకిటలాడింది. ఒక మహానుభావుడు సమాధి మీద పెట్టే పూలచక్రం తెచ్చాడు. అల్లుడు దాన్ని గుమ్మంలోనే లాక్కుని వీపు వెనక దాచుకున్నాడు.

బాబాయి హుషారైన పాట ఎత్తుకున్నాడు. ముందు వరస బావురుమంది. ఆయన ఎంత హుషారు చేస్తే వాళ్ళు అంత గట్టిగా ఏడ్చారు. చివర్లో వరసకట్టి చేతులు పట్టుకున్నారు.

"ధైర్యంగా వెళ్ళండి," అన్నాడు కన్నీటి కుళాయి.

"ఎక్కడికట?" అంది పెళ్ళాం, మొగుడి వైపు తిరిగి.

సంగతి ముగ్గురూ ఇంటికి వచ్చాక బయటపడింది.

"బతికున్న మనిషికి సంతాపసభ పెట్టించారా!"

"హాలు నిండాలన్నావు..."

"శవం వెళ్తుంటే వీధీ నిండుతుంది!"

బాబాయి ఫిడేలు తుడుస్తూ తలెత్తాడు. "అతన్ననకమ్మా. అల్లుడూ, నీకెవరు చెప్పారు? డాక్టరు నాకొక్కడికేగా చెప్పాడు!"

మొగుడు నవ్వబోయాడు. మామ మొహం చూసి ఆగిపోయాడు. పెళ్ళాం వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"బాబాయ్!"

"మీ పెళ్ళి ముచ్చట్లలో చెప్పబుద్ధి కాలేదు తల్లీ." ఆయన ఆమె తల నిమిరాడు. "ఏడవకు. ఇవాళ చాలామంది ఏడ్చారు. ఫిడేలు మాత్రం ఒక్కరూ వినలేదు. రెండో పాటలోనే తీగ తెగింది. మిగతాదంతా మూడు తీగల మీద లాగించేశాను. ఎవరికైనా తెలిసిందా?"

ఎవరికీ తెలియలేదు. అల్లుడికీ తెలియలేదు.

"నా చావుకి జనం ఎలాగూ వస్తారు. నాకు పాటకి వచ్చేవాళ్ళు కావాలి. రేపు మధ్యాహ్నం భోజనాల వేళ మీ ఆఫీసుకొస్తాను. ముందే చెప్పు వాళ్ళకి, మా మామకి జబ్బూ గిబ్బూ లేదు, నేనే అబద్ధమాడానని. అప్పటికీ ఎవరు కూర్చుంటే వాళ్ళకి వాయిస్తాను."

"మామయ్యగారూ, వాళ్ళు నన్ను తంతారండీ!"

"తన్నడానికైనా రావాలిగా! పొద్దున్నే వెళ్ళి తీగ కొనుక్కురా. రేపు నాలుగు తీగల మీదా వాయించాలి."